తాతగారి మండువా ఇంట్లో గెస్టుల్ని పెడదామనుకుంటున్నారా, అయితే ముందు ఈ తగువులు తెలుసుకోండి

డిసెంబర్ వచ్చిందంటే చాలు హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు మొదలవుతాయండి, "అన్నయ్యా సంక్రాంతికి మీ ఊళ్ళో రూం ఏవన్నా దొరుకుద్దా, రేటు ఎంతైనా పర్లేదు" అని. భీమవరంలో లాడ్జీలు ఫుల్లు, అమలాపురంలో ఫుల్లు. సరిగ్గా అప్పుడే మనకి తాళం వేసున్న తాతగారి మండువా లోగిలి గుర్తొస్తది, నాలుగు గదులు ఊడ్చి ఏసీలు పెట్టి ఫోటోలు పెట్టేస్తే అయిపోద్ది కదా అనిపిస్తది. నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు నాలుగేళ్ళు అయింది, మూడు గదులు నడుపుతున్నాను, పైకప్పు పెంకులు మార్చడానికి పట్టిన టైం కంటే కాగితాలకి జవాబులు రాయడానికే ఎక్కువ పట్టింది. ఒక ఆకాశరామన్న ఉత్తరం, రెండు పంచాయతీ నోటీసులు, కరెంటు వాళ్ళ తనిఖీ, కోర్టుకి పోతానని ఒక బెదిరింపు, అన్నీ అయ్యాయి. మీకు అన్ని పడక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను, నాకు అర్థమైంది ఇదొక్కటే. మీరు కాపురం ఉంటూ ఉన్న ఇంట్లో రెండు మూడు గదులు ఇస్తే మీ మీద వచ్చే ప్రతి కంప్లైంటుకీ ఏదో ఒక జవాబు ఉంటది. అదే పెరట్లో కొబ్బరిచెట్లు కొట్టేసి ఆరు గదుల స్లాబు వేసి ముందు బోర్డు పెట్టారనుకోండి, అప్పుడది ఇల్లు కాదు లాడ్జీ, రూల్సన్నీ మారిపోతాయి, పక్కింటివాళ్ళ చేతికి మీరే కర్ర ఇచ్చినట్టు.

సరే మొదటి పని. మీ ఇల్లు గవర్నమెంటు లెక్కలో ఏంటో తెలుసుకోండి. ఇది చాలామంది చెయ్యరు, "మా తాత కట్టాడు మా ఇల్లు" అంటారు. ఊళ్ళో అయితే చాలా పాత ఇళ్ళు గ్రామకంఠంలో, అంటే ఊళ్ళో ఇళ్ళ కోసం వదిలిన స్థలంలో ఉంటాయి, సర్వే నంబరుకి విడిగా పట్టా ఏమీ ఉండదు, ఉన్నదల్లా ఇంటి పన్ను రసీదు, డోర్ నంబరు, పాత దస్తావేజు. 2020 ఏప్రిల్‌లో మొదలైన స్వామిత్వ స్కీంలో డ్రోన్‌తో గ్రామకంఠాలు కొలుస్తున్నారు కదా, మీ ఊళ్ళో కొలత అయ్యుంటే ఆ కార్డు తీసుకోండి, హద్దుల తగువుల్లో అదే పనికొస్తది. అగ్రహారాల్లో ఇంకో చిక్కు ఉంది, కొన్ని ఇళ్ళ స్థలాలు దేవుడి మాన్యమో ఇనామో అయ్యుంటాయి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టర్ చెయ్యకూడని ఆస్తుల లిస్టులో, మీ నంబరు ఉందేమో చూసుకోండి. అందులో ఉందంటే గెస్ట్‌హౌస్ మాట తర్వాత, ముందు ఇంటి సంగతే తేల్చుకోవాలి.

తర్వాత ఊరు ఎవరి పరిధిలో ఉందో చూడాలి. మామూలు పంచాయతీనా, మున్సిపాలిటీనా, లేకపోతే అమలాపురం అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ లాంటి దానిలో కలిపేశారా. ఎందుకంటే మాస్టర్ ప్లాన్ అనేది ఉన్న చోట మీ వీధికి ఒక రంగు వేసి ఉంటది, రెసిడెన్షియల్ అయితే పసుపు అన్నమాట, ఆ రంగులో ఏవేవి నడుపుకోవచ్చో ఏవేవి అడిగి నడుపుకోవాలో ఏవి అసలు కుదరవో జోనింగ్ రూల్స్‌లో ఉంటాయి. మ్యాప్ ఒక్కటీ చూసి వచ్చెయ్యకండి, మ్యాప్‌తో పాటు ఉండే రూల్స్ పుస్తకం చదవండి, "గెస్ట్‌హౌస్", "లాడ్జింగ్", "హోంస్టే" ఈ మూడు మాటల్లో ఏది రాశారో చూడండి, ఎందుకంటే మీరు అర్జీలో వాడే మాట కూడా అదే అయ్యుండాలి. నేను మొదటి అర్జీలో గొప్పగా ఉంటదని "హెరిటేజ్ రిసార్ట్" అని రాశాను, ఆ ఒక్క మాటకి ఫైలు మూడు నెలలు తిరిగింది, రిసార్ట్‌కి పార్కింగ్ ఏది, రోడ్డు వెడల్పు ఎంత, ఫైర్ పర్మిషన్ ఏది అని అడిగారు. అడగరా మరి.

రోడ్డు వెడల్పు దగ్గర ఆగి చెప్పాలి, మన గోదావరి డెల్టాలో సగం తగువులు అక్కడే. ఈ ఇళ్ళెప్పుడు కట్టారు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారి వరి పండి చేతిలో డబ్బులు ఆడాక, మన ఊళ్ళల్లో బర్మా టేకు స్తంభాలు, చెక్కుడు గుమ్మాలు వచ్చాయి. అప్పుడు ఆ వీధిలో తిరిగింది ఎడ్లబండి. ఇప్పుడు అదే వీధిలోకి ఇన్నోవాలు నాలుగు వస్తే ఎదురింటాయన బండి కూడా బయటికి తియ్యలేడు. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం కమర్షియల్ బిల్డింగ్ అంటే రోడ్డు వెడల్పు, పార్కింగ్ లెక్క చూస్తారు, మన అగ్రహారం వీధి ఆ లెక్కకి ఎక్కడ తూగుద్ది? అందుకే మళ్ళీ చెప్తున్నా, కొత్త కమర్షియల్ బిల్డింగ్ అని ఎవరూ అనే అవకాశం ఇవ్వకండి. కార్లు మాత్రం ఊరి బయట రైస్‌మిల్లు దగ్గరో, ఖాళీ కళ్ళం ఉన్న చుట్టం దగ్గరో నెలకింత అని మాట్లాడుకుని అక్కడ పెట్టించండి, ఆటోలో ఇంటికి తీసుకురండి. గెస్టులకి అదొక సరదా కూడా.

"మాది నూరేళ్ళ ఇల్లు, హెరిటేజ్, మమ్మల్నెవరు ఆపుతారు" అనేవాళ్ళు ఉన్నారు. "నూరేళ్ళది కాబట్టి మీరు మేకు కూడా కొట్టకూడదు" అని బెదిరించే పక్కింటివాళ్ళూ ఉన్నారు. రెండూ తప్పేనండి. వయసు వల్ల ఇల్లు దానంతటదే రక్షిత కట్టడం అయిపోదు, ప్రభుత్వం నోటిఫై చెయ్యాలి. కానీ మీ ఇల్లు మామూలుదే అయినా పక్కనున్నది రక్షిత కట్టడం అయితే కథ వేరు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం, సామర్లకోట భీమేశ్వరాలయం, బిక్కవోలు గుళ్ళు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. 2010లో మార్చిన చట్టం ప్రకారం అలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టడం నిషేధం, పాతదాన్ని రిపేరు చేసుకోవాలన్నా ముందు పర్మిషన్ ఉండాలి, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు పర్మిషన్ తీసుకుని కట్టుకోవాలి. కాబట్టి గుడి వీధిలో ఇల్లుంటే పెంకు దించే ముందే ఆ కాగితం చూసుకోండి, సగం కప్పు విప్పాక ఆపమంటే వానకి దూలాలు తడిసిపోతాయి. ఇంకోటి, చెక్కుడు తలుపులు కొంటామని తిరిగే బేరగాళ్ళకి అమ్మెయ్యకండి, ఆ తలుపు చూడటానికే గెస్టులు వస్తారు.

అంతర్వేది, ఓడలరేవు, దిండి వైపు ఉన్నవాళ్ళకి తీరం పక్కన కట్టడాల మీద ఆంక్షలు పెట్టే సీఆర్‌జెడ్ గొడవ ఉంటది. సముద్రం పక్కనే కాదు, ఆటుపోటు తగిలే గోదావరి పాయలకీ అది వర్తిస్తది, 2019 నోటిఫికేషన్‌లో అలాంటి పాయల ఒడ్డున 50 మీటర్లు గానీ పాయ వెడల్పు గానీ, ఏది తక్కువైతే అది. అందులోనే మనకి పనికొచ్చే మాట ఒకటుంది. పల్లెటూరి తీరప్రాంతంలో స్థానికులు తమ ఉన్న ఇంట్లో హోంస్టే నడుపుకోవచ్చు, కాకపోతే ఇంటి పునాది వైశాల్యం, డిజైను, ముందు రూపం మార్చకూడదు. చూశారా, అక్కడా అదే మాట. ఏటిగట్టు లోపల లంకలో ఇల్లున్నవాళ్ళకి మాత్రం నా సలహా గెస్టుల జోలికి పోవద్దని. రూల్స్ పక్కన పెట్టండి, 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు గుర్తు చేసుకోండి చాలు.

ఇక ఎన్ని గదులు అంటే, కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ స్కీంలో ఓనరు ఆ ఇంట్లోనే ఉండాలి, గదులు ఒకటి నుంచి ఆరు వరకు, మంచాలు పన్నెండు దాటకూడదు. సిల్వర్, గోల్డ్ అని రెండు రకాలు ఇస్తారు. ఆ సర్టిఫికెట్ వచ్చింది కదా అని జోనింగ్ తగువు తీరిపోదు, రెండూ వేరు వేరు శాఖలు. కానీ పంచాయతీలో కూర్చుని "ఇది లాడ్జీ కాదండి, నేను మా ఆవిడా ఇక్కడే ఉంటాం, రేషన్ కార్డు ఇదే అడ్రస్, మూడు గదులే" అని చెప్పినప్పుడు వెనకాల ఒక గవర్నమెంటు కాగితం ఉంటే మాట నిలబడుద్ది. పంచాయతీ లైసెన్సు తీసుకోండి, తీర్మానం కాపీ తీసుకోండి, నోటిమాట మీద "ప్రెసిడెంటు గారు ఊఁ అన్నారు" అంటే ఎలక్షన్ అయ్యాక ప్రెసిడెంటు మారతారు.

ఇప్పుడు ఇంట్లో తగువు. జోనింగ్ కంప్లైంటు అని వచ్చేదానిలో చాలావరకు వెనకాల ఉండేది వాటా తగువేనండి, నా మాట నమ్మండి. పెదనాన్న కొడుకు అమెరికాలో ఉంటాడు, పదేళ్ళు ఇంటి వైపు చూడడు, ఇన్‌స్టాగ్రాంలో మీ మండువా ఫోటో కనపడగానే "నా వాటా ఏది" అంటాడు. ఆడపడుచులు కూడా, వాళ్ళది తప్పు కాదు. మన రాష్ట్రం 1985 సెప్టెంబర్ 5 నుంచే అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతా కూతుళ్ళకి ఇచ్చారు, 2020లో సుప్రీంకోర్టు ఇంకా క్లియర్ చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకం అయితే దాన్ని తిరగదోడరు. కాబట్టి పంపకాల కాగితం ఉంటే తేదీ చూడండి, లేకపోతే అందరి దగ్గరా సంతకాలు తీసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు అక్కడి మన కాన్సులేట్‌లో జీపీఏ, అంటే తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం, చేయించి పంపాలి, ఆ కాగితం ఇండియాలో చేతికందిన మూడు నెలల్లోపు స్టాంపు కట్టించాలి, మా అన్నయ్య పంపింది నేను బీరువాలో పెట్టి మర్చిపోయి మళ్ళీ చేయించమంటే ఆయన తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఒక్క వాటాదారు సంతకం లేకపోయినా ఏ ఆఫీసులో అయినా ఫైలు అక్కడే ఆగుద్ది, ఆ సంగతి మీకంటే ముందు మీ పక్కింటివాళ్ళకి తెలుసు.

కరెంటు సంగతి చిన్నదే కానీ దెబ్బ గట్టిగా తగులుద్ది. ఇంటి మీటరు క్యాటగిరీ 1, వ్యాపారానికి క్యాటగిరీ 2. ఇంటి మీటరు మీద గెస్టుల ఏసీలు తిప్పితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అనధికార వాడకం అని రాస్తారు, ఎప్పటినుంచి అనేది తేలకపోతే వెనక్కి 12 నెలలు లెక్కేసి రెండింతల రేటు వేస్తారు. మనమీద కోపమున్నవాడు చేసే మొదటి ఫోను పంచాయతీకి కాదు, కరెంటాఫీసుకి. గెస్టుల గదులకి వేరే మీటరు పెట్టించుకోండి, ఇంటి పన్ను కూడా మీరే వెళ్ళి మార్పించుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైతే అయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి, పక్కిల్లు. మా పక్కింటాయన నాకు వరసకి బాబాయి, అసలు చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటినుంచి అలా పిలవడమే. మొదటి సంక్రాంతికి వచ్చిన కుర్రాళ్ళు రాత్రి రెండింటికి అరుగు మీద కూర్చుని పాటలు, గ్లాసులు. తెల్లారి బాబాయి కాఫీ తాగకుండా మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏరా, మీ తాత ఈ అరుగు మీద కూర్చుని పంచాంగం చెప్పేవాడు, గుర్తుందా?"

"గుర్తుంది బాబాయి, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ జరగదు."

"జరగదు అంటే సరిపోదురా, మీ పిన్నికి బీపీ. నీ సెప్టిక్ నీళ్ళు మా నూతి పక్కనుంచి పోతున్నాయి, అది ఎవరితో చెప్పుకోవాలి?"

పాటల గురించి క్షమాపణ చెప్పాను గానీ నూతి మాట పట్టించుకోలేదు. అదే నేను చేసిన తప్పు. పది రోజులకి అర్జీ పడింది, అందులో పాటల గురించి ఒక్క ముక్క లేదు, "రెసిడెన్షియల్ ఏరియాలో అక్రమ కమర్షియల్ లాడ్జి" అని ఉంది. అంటే మనిషి బాధ ఒకటి, కాగితం మీద వాడే మాట ఇంకోటి. అది తెలియక నేను ఆ కాగితానికి చట్టాలతో జవాబు రాసుకుంటూ కూర్చున్నాను, నూతి నీళ్ళు అలాగే ఉన్నాయి. తర్వాత సెప్టిక్ ట్యాంకు పెరట్లో అవతలి మూలకి మార్పించాను, ఖర్చయింది, ఆ పని మొదటి రోజే చేసుంటే రెండో నోటీసు వచ్చేది కాదు. మన నేలలో నీరు పైపైనే ఉంటది కదండి, రెండు గజాలు తవ్వితే ఊట, ఇద్దరు మనుషులున్న ఇంటి ట్యాంకు ఎనిమిది మందికి చాలదు. గెస్టులు రాకముందే ఇది చూసుకోండి.

రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు మైకులు, స్పీకర్లు బయట పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి రూలు ఉంది, ఇళ్ళ మధ్య రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. అదే తెలుగులో ఒక కాగితం మీద రాసి ప్రతి గదిలో అంటించాను, బుకింగ్ అప్పుడు వాట్సాప్‌లో కూడా పంపుతాను. కోడిపందేల బరికి దారి అడిగితే చెప్తాను, ఇంట్లో మాత్రం పేకాట ముక్క కనపడకూడదు, 1974 గేమింగ్ చట్టంలో ఆడినవాడితో పాటు చోటిచ్చినవాడి మీదా కేసు పడుద్ది.

నోటీసు వచ్చిందనుకోండి. మొదట తేదీ రాసుకోండి, కవరు పారెయ్యకండి. నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్, ఎన్ని రోజుల్లో జవాబు అని ఉంటది, లేకపోతే అది లేదనే మొదటి పాయింటు. తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఆర్టీఐ వెయ్యండి, మీ మీద పడిన అర్జీ కాపీ, తనిఖీ రిపోర్టు, మీ వీధికి వర్తించే జోనింగ్ రూల్, ఇదే వీధిలో ఇంకా ఎవరెవరికి లైసెన్సులు ఉన్నాయి అని. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఆర్టీఐకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10, జవాబుకి 30 రోజులు. నాకు అలా తెలిసింది ఏంటంటే మా వీధిలోనే ఒక ట్యూషన్ సెంటరు, ఒక టైలరింగ్, ఒక కొబ్బరి పీచు గోడౌను ఉన్నాయని, ఎవరికీ నోటీసు లేదని. అది నేను జవాబులో వాళ్ళ పేర్లు పెట్టి రాయలేదు, రాస్తే ఊరంతా శత్రువులే, "ఈ వీధిలో ఇళ్ళల్లోనే చిన్న పనులు మొదటినుంచీ ఉన్నాయి" అని మాత్రం రాశాను. కానీ "అందరూ చేస్తున్నారు" అనేది కోర్టులో నిలిచే వాదన కాదండి, 2006లో ఢిల్లీలో ఇళ్ళ మధ్య షాపులకి సుప్రీంకోర్టు సీళ్ళు వేయించినప్పుడు అక్కడా అందరూ అదే అన్నారు.

జవాబు పెద్దగా రాయకండి, రెండు పేజీలు చాలు. నేనిక్కడే ఉంటున్నాను, గదులు ఇన్ని, కట్టడం ఏమీ పెంచలేదు, మురుగు ఇలా పోతుంది, కార్లు ఇక్కడ పెడతారు, ఫోటోలు జత చేశాను. ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద స్టాంపు, సంతకం వేయించుకోండి, సచివాలయంలో ఇస్తే రసీదు అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ కూడా ఒకటి పడేస్తే నంబరు వస్తది.

కోర్టుకి పోతానని ఎవరైనా అంటే మీరు భయపడక ముందే కోర్టులో కేవియట్ వేయించండి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ అంటారు. అది వేస్తే మీ మాట వినకుండా అవతలివాళ్ళకి ఇంజంక్షన్, అంటే మీ పని ఆపమనే ఆర్డరు, ఇవ్వరు, 90 రోజులు ఉంటది, తర్వాత మళ్ళీ వేసుకోవాలి. సంక్రాంతి బుకింగులున్న ఇల్లయితే అక్టోబర్ చివర్లో వేస్తే పండగ దాటేదాకా కాస్తది. లేదంటే ఇద్దరూ ఒప్పుకుని లోక్ అదాలత్‌కి కేసు వెయ్యకముందే వెళ్ళొచ్చు, ఫీజు ఉండదు, అక్కడ రాసుకున్న రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఊరి పెద్దమనుషుల తీర్పు కంటే ఇదే మేలు, పెద్దమనుషులు ఏడాదికోసారి మాట మారుస్తారు. మాది చివరికి అక్కడే తెమిలింది, మూడు గదులకి మించను, రాత్రి పది తర్వాత అరుగు మీద ఎవరూ ఉండరు, నూతికి దగ్గర్లో గొయ్యి తియ్యను అని నేను రాశాను, అర్జీలు వెనక్కి తీసుకుంటానని బాబాయి రాశాడు.

మాస్టర్ ప్లాన్ రంగు అసలు అడ్డొచ్చిందంటే ల్యాండ్ యూజ్ మార్పుకి అర్జీ పెట్టొచ్చు, అభ్యంతరాలు చెప్పమని ప్రకటన వేస్తారు, ఫీజులు ఉంటాయి. మూడు గదుల కోసం ఆ దారి పట్టొద్దు, వీధికంతా పిలిచి మరీ అభ్యంతరం అడిగినట్టు ఉంటది.

మిగతావి గబగబా. ఫారినర్ వస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాల ఫారం పెట్టాలి, మర్చిపోతే పోలీసు గొడవ, అది జోనింగ్ అర్జీలో కూడా ఎక్కుద్ది. భోజనం పెడితే ఫుడ్ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలే, చేయించుకోండి. జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్టర్ అవ్వాలి, సైట్ల ద్వారా వచ్చే బుకింగుకి రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ తరఫున సైటే కడుద్ది. ప్రతి గెస్టు ఐడీ కాపీ తీసుకుని పుస్తకంలో రాయండి.

ఇంకొక్కటి. నోటీసులు ఎప్పుడొస్తాయో తెలుసా, భోగి ముందు రోజు సాయంత్రం నాలుగింటికి. ఆ తర్వాత మూడు రోజులు ఆఫీసులుండవు, మీ ఇంట్లో పన్నెండు మంది దిగి ఉంటారు. అందుకే అడ్వాన్సులు తీసుకున్న డబ్బు పండగ అయ్యేదాకా ముట్టుకోకండి, వాపసు ఇవ్వాల్సి రావొచ్చు. ఒక ఏడాది నేను ఆ డబ్బుతో గీజర్లు కొనేశాను, గెస్టులకి తిరిగి ఇవ్వడానికి మా ఆవిడ గాజులు తాకట్టుకి వెళ్ళాయి, ఉగాదికి విడిపించాను, ఆ గీజర్లు చూసినప్పుడల్లా ఇప్పటికీ ఏదో ఒకటి అంటది.